రెండు కాగితాలు, ఒక్క కవరు

ఉత్తరాలను మడిచి కవర్లలో పెట్టే మిషన్ దగ్గర నేను పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాను. కూర్చోవడానికి స్టూలు ఉండేది. కూర్చుంటే మిషన్ చప్పుడు సరిగ్గా వినపడదని నేనే మొండికేసి నిలబడేవాణ్ణి. ఇప్పుడు నా మోకాళ్ళు ఆ మొండితనానికి రోజూ బదులు చెబుతున్నాయి. నేను మానేసిన తర్వాత చేరిన ఆపరేటర్ ఈ మధ్య ఫోన్ చేసి, "సార్, మీ అనుభవాలు ఏమన్న రాయుండ్రి, మాసొంటోళ్ళకు పనికొస్తయి" అన్నాడు. నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. రాయబోతే ఒక్కటే గుర్తొస్తోంది, అది మంచిది కాదు. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

మాది వికారాబాద్. షాపు తాండూరులో. పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం పావు తక్కువ ఆరు బండికి తిరిగి వచ్చేవాణ్ణి. మా సేఠ్‌కు మొదట చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. ఎక్కడో సిటీలో పాతదై అమ్మేస్తున్న ఈ మిషన్‌ను తెచ్చి, బండల పాలిష్ యూనిట్లున్న గల్లీలో ఒక రేకుల షెడ్డులో పెట్టాడు. ఆఫీసులు, సంఘాలు, కాలేజీలు పంపుకునే నోటీసులు అచ్చు వేసి, కవర్లలో పెట్టి, పోస్టుకు అందించడం మా పని. మిషన్ మీద నేను, కవర్లు లెక్కపెట్టి కట్టలు కట్టడానికి ధారూర్ నుంచి అదే బండిలో వచ్చే ఒకామె. ఆమెను చెల్లె అని పిలిచేవాణ్ణి. ఆమెకు నలభై దాటాయి. వాళ్ళ అమ్మానాన్న కూలి చేసినవాళ్ళు. ఆమె క్రైస్తవ మిషనరీ స్కూల్లో పది దాకా చదువుకుంది, లెక్కలో చాలా నికార్సు మనిషి.

మిషన్ చేసే పని చెప్పుకుంటే నవ్వొచ్చేంత చిన్నది. పైన కాగితాల దొంతర పెడతాం. రబ్బరు రోలర్ తిరిగి ఒక కాగితాన్ని లాగుతుంది. దాని కిందే బొటనవేలంత రబ్బరు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని మేము అడ్డం రబ్బరు అనేవాళ్ళం. రెండో కాగితం వెంట రాకుండా ఆపడమే దాని ఉద్యోగం. ఆ తర్వాత మడత, కవరు, జిగురు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. అడ్డం రబ్బరు అరిగిందంటే రెండు కాగితాలు ఒకేసారి దూరి ఒకే కవరులో పడతాయి. కవరుకు ముందు వైపు ఉండే అద్దం కాగితపు కిటికీలోంచి పైనున్న కాగితం మీది పేరే కనబడుతుంది. కింద ఉన్నది ఎవరి ఉత్తరమో చూసే దారి ఉండదు.

మా గల్లీలో అడ్డం రబ్బరు ఎక్కువ రోజులు బతికేది కాదు. బండల దుమ్ము తెల్లగా, పిండిలా వచ్చి అన్నిటి మీదా పడేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసేలోపు అన్నం మీద కూడా పడేది. రోలర్‌ను గంటకోసారి స్పిరిట్ గుడ్డతో తుడిచినా రబ్బరు నున్నగా అయిపోయేది. అసలు రబ్బరు సిటీ నుంచి రావాలంటే వారం పట్టేది. ఒకసారి అది రాక, నా హవాయి చెప్పు మడమ దగ్గర ఒక ముక్క కోసి, అరగదీసి బిగించాను. ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. సేఠ్ నా వీపు తట్టి, "నువ్వు ఇంజినీర్ కావల్సినోడివి" అన్నాడు. ఆ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానంటే, ఆ తర్వాత అసలు రబ్బరు తెప్పించమని అడగడమే మానేశాను. చెప్పు రబ్బరు ఎండకాలంలో బాగానే పట్టేది. వానాకాలం కాగితం మెత్తబడితే జారేది. ఆ సంగతి నాకు తెలుసు.

రెండు కాగితాలు దూరితే మిషన్ ఆపేసే లైటు కూడా ఒకటి ఉండేది. అది మూడో ఏడే చెడిపోయింది. బాగు చేయిద్దామంటే సేఠ్, "నీ చెవి ఉన్నది గద, లైటెందుకు" అన్నాడు. అది నిజమే. ఒక్క కాగితం పొడిగా సర్రుమని పోతుంది, రెండు పోతే ఆ చప్పుడు కొంచెం మందంగా ఉంటుంది. గల్లీలో బండలు కోసే మిషన్ల రొదలో కూడా నాకు ఆ తేడా తెలిసేది. వచ్చినవాళ్ళందరికీ ఈ విద్య చూపించుకునేవాణ్ణి.

అలా చూసినవాళ్ళలో ఎదుటి యూనిట్‌లో బండలు పాలిష్ చేసే మనిషి ఒకడు. నా ఈడువాడే. దోమ మండలం దిక్కు ఊరు. తాతల నాటి నుంచి గొర్లు కాసిన ఇల్లు. మందను తమ్ముడికి అప్పగించి, తాండూరులో పాలిష్ పనికి కుదిరాడు. మా కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయని విరామంలో వచ్చేవాడు. నిలువునా తెల్లగా ఉండేవాడు, కనురెప్పల వెంట్రుకలతో సహా. తన దుమ్ము మా కాగితాల మీద పడుతుందని గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. అక్కణ్ణుంచే మిషన్‌ను చూస్తూ నిలబడేవాడు. మొదటిసారి చూసినప్పుడు పకపకా నవ్వాడు.

"గిది మా దొడ్డి లెక్కనే ఉన్నది గద సారు!"

"అదెట్లా?" అన్నాను.

"పొద్దుగూకంగ జీవాలను దొడ్డిల గిట్లనే తోల్తం. ఒక్కటే సందు వెట్టి, ఒక్కొక్కదాన్ని ఇడుసుకుంట లెక్కవెడ్తం."

"రెండు ఒకేసారి దూరితే?"

"దూర్తయ్. పిల్లలైతే తల్లి కడుపు కిందికెళ్ళి దూరిపోతయ్. లెక్కల ఒకటి తక్కువొస్తది. గప్పుడు మందనంత బయటికి కొట్టి, మళ్ళ మొదటికెళ్ళి లెక్కవెడ్తం."

"ఒక్కదాని కోసం అన్నిటినా?"

"మరి ఏది తప్పిందో తెల్వాలె గద సారు? అడివిల కుంటుకుంట ఉన్నదో, తోడేలు నోట్ల వడ్డదో. మా నాయినైతే లెక్క సరిపోయేదాంక బువ్వ ముట్టకపోతుండె."

ఆ రోజు నుంచి ఆయన నా మిషన్‌ను దొడ్డి అనేవాడు. "ఏం సారు, దొడ్డి ఇడిసినవా?" అని గడప దగ్గర నుంచే కేకేసేవాడు. ఆయనను చూస్తే నాకు సంతోషంగా ఉండేది. ఇది ముందే చెప్పేయాలి, ఎందుకంటే తర్వాత చెబితే మీరు నమ్మరు.

ఇరవై ఏళ్ళకు పైగా పాలిష్ పని చేసిన వాళ్ళకు ఏమవుతుందో ఆ గల్లీలో అందరికీ తెలుసు. ముందు దగ్గు, తర్వాత దమ్ము. ఆయనకు దమ్ము మొదలైన రెండేళ్ళకు పని మానేసి ఊరికి పోయాడు. అప్పటికి మా దగ్గర ఒక కమిటీ పనిచేసేది, రాతి దుమ్ము జబ్బు పట్టినవాళ్ళ కోసం. ఏడాదికోసారి సిటీ నుంచి ఊపిరితిత్తుల డాక్టర్లను పిలిపించి వికారాబాద్‌లో క్యాంపు పెట్టేవాళ్ళు. డాక్టర్లు చూసి రాసిచ్చిన వాళ్ళకు మందులు, మరీ ముదిరినవాళ్ళకు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్ ఇచ్చేవాళ్ళు. క్యాంపుకు పోవాలంటే ఉత్తరం ఉండాలి. దాని మీద పేరు, తేదీ, వరుస నంబరు ఉంటాయి. ఆ ఉత్తరాలు వేసేది మా షాపే.

ఆయన చివరిసారి మా గల్లీకి వచ్చినప్పుడు రోడ్డు మీది నుంచి షాపు దాకా రావడానికి రెండుసార్లు కూర్చున్నాడు. మా చెల్లె పరుగున పోయి నీళ్ళిచ్చింది.

"దరఖాస్తు వెట్టొచ్చిన సారు. ఉత్తరాలు మీకాణ్ణుంచే పోతయంట గద. నా పేరు జర సూడు."

"మిషన్‌కు పేర్లు తెల్వయి. అందరికీ పోతయి, నీకూ వస్తది. ఫికర్ చేయకు" అన్నాను.

"నువ్వున్నంక నాకేం ఫికర్" అని నవ్వబోయి దగ్గాడు.

ఆ నెలలోనే ఉత్తరాల పని వచ్చింది. మూడు రోజులుగా ముసురు. కాగితాలు చల్లగా, మెత్తగా ఉన్నాయి. అలాంటప్పుడు దొంతరను కొద్దికొద్దిగా తీసి, రెండు చేతులతో విసిరి గాలి పట్టించి, బల్బు కింద పెట్టి ఎక్కించాలి. నేను సగం దాకా అలాగే చేశాను. తర్వాత విసుగొచ్చి ఊరికే ఎక్కించాను. నాలుగున్నర ప్రాంతంలో మందపు చప్పుడు వినబడింది. ఒక్కసారే. నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది, కానీ నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. ఆ రోజు ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేకపోలేదు, ఎవరి పెళ్ళీ లేదు. బండి తప్పితే ఇంకో బండి ఉంది, ఒక గంట ఆలస్యమయ్యేది, అంతే. ఆపితే ఆ ట్రేలో అప్పటిదాకా పడిన కవర్లు విప్పి చూడాలి. ఒళ్ళు బరువు. అంతకు మించిన కారణం దొరికితే బాగుండునని ఇప్పటికీ వెతుకుతున్నాను.

పని అయ్యాక చెల్లె కవర్లు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"అన్నా, కాగితాలు ఆరువందల పన్నెండు. కవర్లు ఆరువందల పదకొండే ఉన్నయి."

మిషన్ మూత తీసి చూశాను. లోపల ఎక్కడా కాగితం ఇరుక్కోలేదు. అంటే ఏదో ఒక కవరులో రెండున్నాయి.

"లిస్టు ముందటవెట్టుకొని కవర్ల మీది పేర్లు కొట్టుకుంట పోదాం అన్నా. ఎవ్వరిది లేదో ఎల్తది. రెండు గంటలల్ల అయిపోతది" అంది ఆమె.

నేను గడియారం చూశాను. మా రిజిస్టర్‌లో 'ఖరాబు' అని ఒక గడి ఉండేది. మిషన్‌లో చిరిగిన కాగితాలు అందులో రాసి, ఆ చిరిగినవాటిని పక్క ట్రేలో దాచాలి. వాటి మీది పేర్లు చూసి మళ్ళీ అచ్చు వేయాలి. అది షాపు పద్ధతి. నేను ప్రెస్ దగ్గరికి పోయి ఒక ఖాళీ కాగితం తీసి, అడ్డంగా చింపి, ఖరాబు ట్రేలో పడేశాను. రిజిస్టర్‌లో 'ఖరాబు ఒకటి' అని రాశాను. దాని మీద పేరు లేదు గనుక మళ్ళీ అచ్చు వేసేదేమీ లేదు.

చెల్లె నన్ను చూసింది. రిజిస్టర్‌లో ఇద్దరి సంతకాలూ కావాలి. ఆమె పెన్ను పట్టుకుని, కింద పెట్టి, మళ్ళీ పట్టుకుంది.

"తప్పు గదన్నా?"

"ఆరువందల్లో ఒకటమ్మా. బండి పోతుంది" అన్నాను.

ఆమె సంతకం పెట్టింది. ఉత్తరాలు పోస్టులో ఇచ్చాం. బండి అందింది, కిటికీ దగ్గర సీటు కూడా దొరికింది.

క్యాంపుకు ఇంకా పది రోజులుందనగా ఆయన బిడ్డ షాపుకు వచ్చింది. పాతికేళ్ళుంటాయి. నాయిన మంచం పట్టినప్పటి నుంచి బాబాయితో పాటు మంద వెంట తనే తిరుగుతోంది. దోమ నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.

"సారు, నాయినతోని పనిచేసినోళ్ళందరికి ఉత్తరాలొచ్చినయంట. మాకు రాలే. నాయిన నిన్నొక్కసారి అడిగి రమ్మన్నడు."

నా వెనకాల చెల్లె చేతులు ఆగిపోవడం నాకు తెలిసింది. అప్పుడు కమిటీకి ఒక్క ఫోన్ చేసి, ఒక కవరులో రెండు పడ్డాయి, ఈ పేరుకు మళ్ళీ వేస్తాం అంటే సరిపోయేది. కానీ ఫోన్ చేస్తే ఖరాబు ట్రేలో ఉన్న ఆ ఖాళీ కాగితం సంగతి చెప్పాలి. ఆ తక్కువైనది ఈయనదే అని ఏముంది, పోస్టులో ఆలస్యమై ఉండొచ్చు అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ముసురుకు పోస్టు లేటయి ఉంటదమ్మా. వస్తది, ఆగు" అన్నాను.

"అట్లనే చెప్తా సారు" అని ఆ అమ్మాయి మా కుండలో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

క్యాంపు అయిపోయిన నాలుగో రోజు కమిటీ గుమాస్తా వేరే పని మీద షాపుకు వచ్చి, మడిచిన కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టాడు. దౌల్తాబాద్ దగ్గర ఊరి ముసలమ్మ ఒకామెకు కవరులో రెండు కాగితాలు వచ్చాయట. ఆమెకు చదువు రాదు. రెండూ తనవే అనుకుని, భద్రంగా కొంగున కట్టుకుని రెండింటినీ క్యాంపుకు తెచ్చింది. రెండో దాని మీద వేరే పేరుంది. ఆ పేరు మైకులో మూడుసార్లు పిలిచారు. ఎవరూ లేవలేదు. పేరుకెదురుగా 'గైర్హాజరు' అని రాసుకున్నారు.

కాగితం విప్పకుండానే అది ఎవరిదో నాకు తెలిసిపోయింది. విప్పాను. ఆయనదే.

సేఠ్ తలుపు దగ్గరికి వేసి, "ఎవ్వరికి చెప్పకు. వచ్చే ఏడు మళ్ళ పిలుస్తరు గద" అన్నాడు. చెల్లె ఆ సాయంత్రం బండిలో నా పెట్టెలో ఎక్కలేదు. ఆ తర్వాత కూడా ఎక్కలేదు. పన్నెండేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని టిఫిన్లు పంచుకున్న మనుషులం.

మరుసటి ఆదివారం ఆ కాగితం జేబులో పెట్టుకుని దోమ బస్సెక్కాను. దిగి నడిచి ఇల్లు కనుక్కునేసరికి పొద్దు వాలుతోంది. రేకుల ఇల్లు, పక్కనే దొడ్డి. ఆయన గడప లోపల, చుట్టిన గొంగడికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదట. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి ముఖం వెలిగింది.

"సారు... ఉత్తరం తెచ్చినవా?"

తెచ్చాననే చెప్పాను. చేతికిచ్చి, తేదీ దాటిపోయిందని చెప్పాను. తర్వాత మొత్తం చెప్పాను. చెప్పు రబ్బరు, చప్పుడు, స్విచ్, ఆరువందల పదకొండు, ఖాళీ కాగితం, ఆయన బిడ్డకు నేనాడిన అబద్ధం, ఏదీ దాచలేదు. ఆయన అడ్డు రాలేదు. అడ్డు రావడానికి ఊపిరి కూడా లేదు.

"ఒకటి తక్కువొచ్చిందని... గప్పుడే ఎరుకైందా నీకు?" అన్నాడు.

"అయింది."

ఊపిరి కూడదీసుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"మరి... మళ్ళ మొదటికెళ్ళి లెక్కవెట్టలేదా?"

తిడితే బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. పని తెలిసినవాడు పని తెలిసిన ఇంకొకణ్ణి అడిగినట్టు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"బండి టైమయింది" అన్నాను.

ఆయన తలూపాడు. "అవు... బండి" అన్నాడు.

అప్పుడే మంద వచ్చింది. బిడ్డ దొడ్డి సందులో నిలబడి ఒక్కొక్కదాన్ని లోపలికి వదులుతూ లెక్కపెట్టింది. చివరికొచ్చేసరికి ఒకటి తక్కువైంది. తడిక తీసి మొత్తం మందను బయటికి కొట్టి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. లోపల ఆయన పెదవులు కూడా ఆమె లెక్కతో పాటు కదులుతున్నాయి. నా బస్సు హారన్ వినబడింది. నేను కదల్లేదు. రెండోసారి లెక్క సరిపోయింది. ఆమె తడిక కట్టి, చేతులు కడుక్కుని నా ముందు నుంచే లోపలికి పోతూ, "నీ బస్సు పోయింది సారు. పరిగి దాంక ఆటో దొరుకుతది" అంది. మేము మాట్లాడుకున్నదంతా ఆమె విన్నదని అప్పుడు అర్థమైంది.

కమిటీకి పోయి నా తప్పు కాగితం మీద రాసిచ్చాను. డాక్టర్ల చీటీ లేనిదే ఆక్సిజన్ మిషన్ ఇవ్వలేమన్నారు, డాక్టర్లు మళ్ళీ వచ్చే ఏడే వస్తారన్నారు. నన్ను ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. సేఠ్ పనిలోంచి తీసేయలేదు. కందులు కోసే రోజుల్లో ఆయన పోయాడని ఎదుటి యూనిట్ వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. చివరి వారం రోజులు కూర్చునే ఉన్నాడట.

మరుసటి ఏడు క్యాంపు లిస్టు వచ్చింది. అందులో ఆయన పేరుంది. పక్కన 'నిరుడు గైర్హాజరు, మళ్ళీ పిలవాలి' అని ఉంది. గుమాస్తాకు ఫోన్ చేసి మనిషి లేడని చెప్పాను. ఇంటివాళ్ళు మరణ ధ్రువీకరణ పత్రం ఇస్తే గానీ పేరు తీసేయడానికి వీల్లేదు, మీకిచ్చిన లిస్టు ప్రకారం పంపండి అన్నాడు. పంపాను. అప్పటికి నేనే సిటీకి పోయి అసలు అడ్డం రబ్బరు తెచ్చి బిగించాను. లైటు బాగు చేయించాను. ఈసారి క్యాంపు వానలకు ముందే పెట్టారు. ఎండలు ముదిరిన రోజులు, కాగితం ఫెళఫెళలాడుతోంది. ఆయన కాగితం ఎప్పుడొస్తుందో చూస్తూ నిలబడ్డాను. సర్రుమని పొడిగా, ఒక్కటే పోయింది. మడత పడి, కవరులో దూరి, జిగురంటుకుని ట్రేలో పడింది. కిటికీలో పేరు స్పష్టంగా కనిపించింది.

చెల్లె కవర్లు లెక్కపెట్టింది. అలవాటుగా రెండోసారీ లెక్కపెట్టింది. రిజిస్టర్ నా ముందుకు జరిపి, చాలా నెలల తర్వాత నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"లెక్క సరిపోయిందన్నా."

ఖరాబు గడిలో సున్నా వేసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం బండి టైముకే వచ్చింది.